తొమ్మిదో తరగతి అమ్మాయి పోల్ వాల్ట్ నేర్చుకుంటానంటోంది, స్కూల్లో ఇసుక పిట్ తప్ప ఏమీ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జడ్పీ పీఈటీ, రాయలసీమ

నమస్తే అండి అందరికీ. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. మా దగ్గర తొమ్మిదో తరగతి అమ్మాయి ఉంది, లాంగ్ జంప్ చేస్తుంది, పరుగు బాగుంది, కడ్డీ పట్టుకుని వేలాడిందంటే పాదాలు కడ్డీకి తగిలించేస్తుంది. స్వీడన్ పోల్ వాల్టర్ డుప్లాంటిస్ వీడియోలు చూసినప్పటి నుంచి "సార్, నేనూ అలా పోల్ వంచి ఎగరాలి" అని వెంటపడుతోంది. నాకూ నేర్పించాలనే ఉంది, కానీ నేను కబడ్డీ నుంచి వచ్చినవాణ్ణి, పోల్ వాల్ట్ చూడటమే తప్ప చేయించింది లేదు.

ఉన్నవి ఇవి: లాంగ్ జంప్ పిట్, ఒక హై జంప్ మ్యాట్, మంచి వెదురు గడలు, తెలిసిన సీనియర్ ఒకాయన ఇస్తానన్న పాత ఫైబర్ పోల్. బాక్స్ (పోల్ కొన ఆనించే గుంట) లేదు, పోల్ వాల్ట్ మ్యాట్ లేదు. పాపకు ఏమైనా అయితే ఎలా అని హెడ్మాస్టర్ గారికి టెన్షన్, నాకు అంతకంటే ఎక్కువ.

ఇంకో సందేహం. ఈ అమ్మాయి రాసేది, విసిరేది అంతా కుడి చేత్తోనే, కానీ లాంగ్ జంప్‌లో లేచేది కుడి కాలి మీద. పోల్ మీద పైన ఏ చేయి ఉండాలి? డ్రిల్స్ ఏ వరసలో చేయించాలో కాస్త వివరంగా చెప్పండి.

రన్‌వే కోచ్

మాస్టారూ, పోల్ వాల్ట్ మ్యాట్ లేదని దిగులు పడకండి, ఈ ఏడాదికి దాని అవసరమే లేదు. మొదటి ఏడాది పిల్లలకు రావాల్సింది పోల్ పట్టుకుని పరుగెత్తడం, ప్లాంట్ (చేతులు పైకెత్తి పోల్ కొనను గుంటలో ఆనించడం), టేకాఫ్ (నేల వదిలి లేవడం). ఈ మూడూ ఇసుకలోనే వస్తాయి. బార్ దాటడం తర్వాతి సంగతి, పోల్ వంచడం ఇంకా తర్వాత. వీడియోల్లో పోల్ విల్లులా వంగుతుంటే చేతులతో వంచుతున్నారని పిల్లలు అనుకుంటారు, అందుకే కింది చేతిని బిగబట్టి నెడుతూ ఉంటారు. అలా నెట్టడం అలవాటైతే ఛాతీ వెనక్కి పోతుంది, స్వింగ్ (పోల్‌కు వేలాడి కాళ్ళు ఊపడం) చచ్చిపోతుంది, ఆ అలవాటు మాన్పించడానికి సంవత్సరాలు పడుతుంది. పోల్ వంగడానికి వేగం ఉండాలి, పట్టు ఎత్తున ఉండాలి, టేకాఫ్ పైకి పడాలి. ఇవి కుదిరాక పోల్ తనంతట తనే వంగుతుంది, వంచమని మనం చెప్పే పని ఉండదు.

చేయి సంగతి. కుడి కాలి మీద లేస్తే ఎడమ చేయి పైన, ఎడమ కాలి మీద లేస్తే కుడి చేయి పైన, ఇదీ లెక్క. ఆ అమ్మాయికి లాంగ్ జంప్ పరుగు, టేకాఫ్ ఇప్పటికే కుదిరి ఉన్నాయి కాబట్టి నా ఓటు కాలికే: ఎడమ చేయి పైన పెట్టించండి. మొదట్లో వింతగా ఉందంటుంది. కొన్నాళ్ళు రెండు వైపులా నడిపించి చూసి, ఒకసారి నిర్ణయించాక మళ్ళీ మార్చకండి.

పట్టు ఎత్తు ఇలా చూడండి. పోల్‌ను ఆమె పక్కన నిటారుగా నిలబెట్టి పై చేయి బాగా చాపమనండి. ఎక్కడ అందితే అక్కడ టేప్ ముక్క అంటించండి, మొదటి రోజు పట్టు అదే. రెండో చేయి దాని కింద, భుజాల వెడల్పు కంటే కాస్త ఎక్కువ ఎడంలో. ఇసుకను పారతో బాగా తవ్వి వదులు చేయండి. గట్టిపడిన ఇసుకలో దూకిస్తే మడమలు దెబ్బతింటాయి. రన్‌వే వైపు అంచుకు కాస్త లోపల చిన్న గుంట చేస్తే పోల్ కొన జారదు.

ఇక నడక. పోల్ కొన ఆ గుంటలో పెట్టి, రెండు చేతులూ పైకి చాపి, టేకాఫ్ కాలు వేసి, ఎదురు మోకాలు పైకి లేపి పోల్‌తో పాటు ముందుకు వెళ్ళి రెండు పాదాల మీద దిగాలి, అంతే. ఎడమ చేయి పైనున్న పిల్లకు శరీరం పోల్‌కు ఎడమ పక్క నుంచి పోవాలి, అంటే పోల్ ఆమెకు కుడి పక్కన ఉంటుంది. దిగినప్పుడు మొహం ఎదురుగానే ఉండాలి, పోల్ చుట్టూ తిరిగిపోకూడదు. నడకతో బాగా వచ్చాక నాలుగు అడుగుల పరుగు, తర్వాత ఆరు. పోల్ నిట్టనిలువు దాటి ఆమెను హాయిగా ఇసుక లోపలికి దింపుతుంటేనే పట్టు ఒక పిడికిలి పైకి జరపండి. పోల్ నిలువుగా అయ్యేలోపే ఆగిపోతుంటే ఒక పిడికిలి కిందికి. ఈ ఒక్క నియమం గట్టిగా పాటిస్తే సగం ప్రమాదాలు ఉండవు, ఎందుకంటే ఈ ఆటలో భయపడాల్సింది ముందుకు పడటానికి కాదు, పోల్ నిలువు దాటక వెనక్కి బాక్స్ మీద పడటానికి.

డెకా అన్న

కోచ్ గారు చెప్పినదానికి ప్లాంట్ టైమింగ్ కలుపుతాను. నేను డెకాథ్లాన్ (రెండు రోజుల్లో పది ఈవెంట్లు) చేసేవాణ్ణి. అందులో పోల్ వాల్ట్ రెండో రోజు ఎనిమిదో ఈవెంట్, కాళ్ళు అలసిపోయి ఉంటాయి కాబట్టి ప్లాంట్ ఆలస్యమైతే ఏమవుతుందో డెకాథ్లాన్ వాళ్ళకు బాగా తెలుసు.

చివరి మూడు అడుగులే ప్రాణం. మీ అమ్మాయి కుడి కాలి మీద లేస్తుంది కాబట్టి చివరి మూడు కుడి, ఎడమ, కుడి. మొదటి కుడి పడేటప్పుడు పై చేయి నడుము దగ్గర నుంచి కదలాలి, ఎడమ పడేసరికి చెవి పక్కకు రావాలి, చివరి కుడి నేలను తాకేలోపే రెండు చేతులూ పూర్తిగా పైకి వెళ్ళి ఉండాలి. దీన్ని పిట్ దగ్గరే చేయించక్కర్లేదు. వార్మప్ అయ్యాక గ్రౌండ్ పొడవునా నడుస్తూ "నడుము, చెవి, పైకి" అని బయటికి అంటూ చేయించండి. తర్వాత మెల్లగా జాగింగ్‌లో, ఆ తర్వాత పోల్ కొనను నేల మీద జార్చుతూ గోడ మొదలు దాకా. గోడకు కొన తగిలే క్షణానికి చేతులు పైన ఉన్నాయా లేదా అన్నది మీ కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. గోడ దగ్గర మాత్రం నడకే, పరుగు వద్దు.

టేకాఫ్ చోటు చూడాలంటే ఫోన్ చాలు. పక్క నుంచి, నడుము ఎత్తులో ఫోన్ పెట్టి స్లో మోషన్ తీయండి. పాదం నేలను వదిలే ఫ్రేమ్ దగ్గర ఆపి, పై చేతి నుంచి కిందికి నిలువు గీత ఊహించుకోండి, ఆ గీత కాలి వేళ్ళ మీద పడాలి. పాదం ఆ గీత దాటి ముందుకు వెళ్ళిపోయిందంటే లోపలికి వచ్చేసిందని అర్థం, చేయి వెనక్కి లాగేస్తుంది, నడుము మీద దెబ్బ పడుతుంది. లాంగ్ జంప్ పిల్లలు బోర్డు అలవాటుతో తరచూ ఇలాగే వస్తారు. అందుకని టేకాఫ్ చోట సున్నంతో గీత గీసి, వెనక్కి అడుగులు లెక్కపెట్టి పరుగు మొదలయ్యే చోట ఇంకో గుర్తు పెట్టండి, మొదలెట్టే కాలు ఏ రోజూ మారకూడదు.

కడ్డీకి పాదాలు తగిలిస్తుందన్నారు, అది గొప్ప ఆస్తి. ఇప్పుడు అదే పనిని నిటారు కాలితో చేయించండి: వేలాడి, టేకాఫ్ కాలు వెనక్కి చాపి, మోకాలు వంచకుండా ఊపుతూ పాదం చేతుల దగ్గరికి తేవాలి. తాడు ఎక్కడం, గోడ ఆసరాతో చేతుల మీద నిలబడటం, పల్టీలు కూడా. రష్యా పోల్ వాల్టర్ ఇసిన్‌బయేవా పదిహేనేళ్ళ దాకా జిమ్నాస్టే, పొడవు ఎక్కువై అక్కడ ఆగిపోయి ఇటు వచ్చింది. ఆమె 2009లో జ్యూరిచ్‌లో ఎగిరిన 5.06 మీటర్లను ఇంతవరకూ ఏ అమ్మాయీ దాటలేదు.

వెదురు వద్దు

ఒక్క విషయంలో గట్టిగా చెప్పాలి, వెదురు గడ వద్దు సార్. ఎండిన వెదురు ముందస్తు సూచన లేకుండా నిలువునా చీలుతుంది, ఆ చీలికలు కత్తుల్లా ఉంటాయి. పాత ఫైబర్ పోల్ దొరుకుతోంది కదా, నేరుగా దాంతోనే మొదలెట్టండి.

రన్‌వే కోచ్

మీ భయం న్యాయమైనదే, కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. అమెరికా వాల్టర్ వార్మర్‌డామ్ 1942లో వెదురుతోనే 4.77 మీటర్లు ఎగిరాడు, మన ఊళ్ళలో చాలామంది వెదురుతోనే మొదలెట్టారు. నిలబడి అందినంత పట్టుతో, మెత్తటి ఇసుకలో, నడకతో చేసే డ్రిల్‌కు వెదురు పనికొస్తుంది. షరతులు మాత్రం తప్పనిసరి: పగుళ్ళు లేని గడ, కణుపులు నునుపు చేసి, పట్టుకునే చోటు, కింది కొన టేప్‌తో బాగా చుట్టి ఉండాలి, ప్రతిరోజూ మొదలెట్టే ముందు మీరే చేత్తో తడిమి చూడాలి, అనుమానం వస్తే పారేయాలి. పరుగు పెంచిన రోజు నుంచి వెదురు ఆపేయాలి. ఇనుప బాక్స్‌లో అయితే దాన్ని ఎప్పుడూ వాడకూడదు.

పాత ఫైబర్ పోల్ అంటే దానంతట అదే క్షేమం అనుకోవడం ఇంకా ప్రమాదం. పోల్ మీద పొడవు, ఎంత బరువు వాళ్ళకో రాసి ఉంటుంది. అది ఆమె బరువుకు సమానంగానో ఎక్కువగానో ఉండాలి, తక్కువ ఉంటే ముట్టుకోవద్దు. అమెరికా హైస్కూళ్ళలో ఇది పోటీ నియమం కూడా. అంకెలు చెరిగిపోయిన పోల్ అయితే తీసుకోకండి. తీసుకుంటే ఎండలో పెట్టి చివరి నుంచి చివరి దాకా గోరుతో రాస్తూ చూడండి, స్పైక్ గీసిన చిన్న గాటు కూడా వంగినప్పుడు విరిగే చోటు అవుతుంది. పోల్‌ను నేల మీద పడనివ్వకూడదు, దూకిన ప్రతిసారీ పక్కన ఒకరు నిలబడి పట్టుకోవాలి. ఈ పని ఇంకో పిల్లకు అప్పగించండి, తనకూ ఆట అర్థమవుతుంది.

ఫిజిక్స్ టీచర్

నేను కోచ్‌ని కాను, పదో తరగతికి ఫిజికల్ సైన్స్ చెబుతాను. వేగం మీద ఎందుకు అంత పట్టు పడుతున్నారో పిల్లలకు లెక్కతో చూపించవచ్చు. సెకనుకు 7 మీటర్ల వేగంతో వస్తే, 7ను 7తో హెచ్చించి 19.6తో (గురుత్వ త్వరణం 9.8కి రెట్టింపు) భాగించండి, 2.5 మీటర్లు వస్తుంది. పరుగులోని శక్తి మొత్తం ఎత్తుగా మారితే ఆమె గరిమనాభి (శరీర బరువుకు కేంద్రం) లేచే ఎత్తు అది, దానికి నిలబడినప్పుడు గరిమనాభి ఉండే దాదాపు మీటరు ఎత్తు కలపాలి. నిజానికి కొంత శక్తి పోతుంది, కొంత చేతులతో, నడుముతో తను కలుపుతుంది. అదే 8 మీటర్ల వేగమైతే 2.5 కాస్తా 3.27 అవుతుంది. ఒక్క మీటరు వేగానికి అంత తేడా! పోల్‌తో పరుగు నేర్పడం ఎంత విలువైనదో ఈ లెక్క చూస్తే నాకు అర్థమైంది.

జడ్పీ పీఈటీ, రాయలసీమ

అందరికీ చాలా థాంక్స్ అండి. ఎడమ చేయి పైన పెట్టి నడక డ్రిల్ మొదలుపెట్టాం, వింతగా ఉందంటూనే బాగా చేస్తోంది. వీడియోలో చూస్తే డెకా అన్న చెప్పినట్టే పాదం బాగా లోపలికి వచ్చేస్తోంది, గుర్తు వెనక్కి జరిపినా అడుగు సాగదీసి మళ్ళీ అక్కడికే వస్తోంది. ఇంకొకటి, ఇసుక బదులు ఆ హై జంప్ మ్యాట్ వేసి, ముందు చిన్న బాక్స్ పాతి, తక్కువ ఎత్తులో బార్ పెట్టొచ్చా? పాప ఒకటే గొడవ, బార్ కావాలని.

రన్‌వే కోచ్

హై జంప్ మ్యాట్ వద్దు మాస్టారూ, ఎంత తక్కువ ఎత్తులోనైనా సరే. పోల్ వాల్ట్ మ్యాట్‌కు ముందు భాగంలో బాక్స్ చుట్టూ కోసిన చోటు ఉంటుంది, రెండు పక్కలా ముందుకు సాగిన ముక్కలు ఉంటాయి, వెనక్కి జారినా పక్కకు పోయినా అవి కాపాడతాయి. మామూలు పోటీలకే కనీసం 5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు ఉండాలి, పెద్ద పోటీలకు 6. హై జంప్ మ్యాట్ ఆ పనికి చేసింది కాదు, దాని ముందు బాక్స్ పెడితే సరిగ్గా ప్రమాదం ఉన్న చోటే ఖాళీగా ఉంటుంది.

బార్ ఆశ తీర్చడానికి ఇసుకలో రెండు కర్రల మధ్య ఎలాస్టిక్ తాడు కట్టండి, మోకాలి ఎత్తులో, గుంటకు బాగా అవతల. ఎత్తు పెంచకండి, దూరం పెంచండి. దాని మీదుగా వెళ్ళి పాదాల మీద దిగాలి. పిల్లకు దాటిన సంతోషం ఉంటుంది, మీకు కావాల్సిన, పోల్‌తో పాటు ముందుకు చొచ్చుకుపోవడం దానంతట అదే వస్తుంది.

పాదం లోపలికి రావడానికి కారణం చాలాసార్లు గుర్తు కాదు, చేతులు. ప్లాంట్ ఆలస్యమైతే చేతులు లేచేదాకా కాలు ఇంకాస్త ముందుకు వెళుతుంది. కాబట్టి గుర్తు జరపడం ఆపి, నాలుగు అడుగుల పరుగుకు దిగి, చేతులు ఒక అడుగు ముందే కదిలించమనండి. "తొందరగా" అని మీరు పక్క నుంచి అరవండి, ఎడమ పాదం పడేటప్పుడు. చేతులు ముందే పైకి వెళితే అడుగు దానికదే పొట్టిగా పడుతుంది. సాగదీసే అలవాటు ఇంకా పోకపోతే చివరి మూడు అడుగులకూ నేల మీద సున్నపు గీతలు గీసి, చివరి రెండు కాస్త దగ్గరగా పెట్టండి.

నిజమైన పిట్ కోసం మీ జిల్లా అథ్లెటిక్స్ అసోసియేషన్ వాళ్ళను అడగండి, దగ్గర్లో ఏ స్టేడియంలో మ్యాట్ మంచి స్థితిలో ఉందో వాళ్ళకు తెలుస్తుంది. వెళ్ళేముందు మీ స్లో మోషన్ వీడియోలు అక్కడి కోచ్‌కు పంపండి. మొదటి రోజు అక్కడ కూడా ఇసుకలో పట్టిన పట్టే, ఆరు అడుగులే, బార్ లేకుండా. బాక్స్ అంచుల చుట్టూ మెత్త ఉందా, మ్యాట్ ముక్కల మధ్య సందులు ఉన్నాయా అని మీరే వంగి చేత్తో నొక్కి చూడండి. పోల్ బస్సు టాప్ మీద వేస్తే కింద గోనె పట్టా పరిచి రెండు చివర్లా, మధ్యలో మూడు చోట్ల కట్టండి, పైన ఇంకే లగేజీ వేయనివ్వకండి.