అప్‌డేట్: మాండరిన్ చేప కోలుకుంటున్నది

హైదరాబాద్‌లోని మా ఇంటి ఉప్పునీటి అక్వేరియంలో మాండరిన్ చేప గుళికల మేతను ముట్టకుండా, పొట్ట లోపలికి పోయి చిక్కిపోతున్నదని, దానిని ఎలా బతికించుకోవాలో చెప్పమని ఇంతకుముందు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. చేప కోలుకుంటున్నది.

పశ్చిమ పసిఫిక్‌లో ర్యూక్యూ దీవుల నుండి ఆస్ట్రేలియా వరకు పగడపు దిబ్బల మధ్య ఉండే ఈ చేప, పగలంతా రాళ్లపై కోపెపాడ్ల వంటి అతి చిన్న జీవులను ఒక్కొక్కటిగా ఏరుకుని తింటుంది కనుక, పూటకొకసారి వేసే మేత దానికి చాలదని మీరు చెప్పిన మాటే కీలకమైంది. అందుకే తొట్టి కింద ఉండే సంప్ అనే అదనపు నీటి తొట్టిలో ఒక అరను రెఫ్యూజియంగా, అంటే చిన్న జీవులు చేపల బారిన పడకుండా పెరిగే చోటుగా మార్చి, అందులో కీటోమార్ఫా నాచు పెంచి, కోపెపాడ్లను వదిలాను. అవే జీవులను వేటాడే సిక్స్‌లైన్ రాస్ చేపను మిత్రుడి తొట్టికి పంపించాను. అన్నిటికంటే ఎక్కువ మేలు దీనివల్లనే జరిగిందని నా నమ్మకం.

అప్పుడే పొదిగిన ఆర్టీమియా (రొయ్యల వంటి అతి చిన్న ఉప్పునీటి జీవి) పిల్లలను, పెద్ద చేపలు దూరలేని సన్నమూతి సీసాలో వేసి అడుగున పడుకోబెడుతున్నాను. మాండరిన్ నిదానంగా వచ్చి, చాలాసేపు చూసి, ఆ తరువాతే తింటుంది. ఆ నిదానాన్ని మనం గౌరవించవలసిందే. నీటి ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, నీటి ఉప్పదనాన్ని తెలిపే సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర నిలకడగా ఉన్నాయి. వెన్ను వెంట కనిపించిన గుంట పూడుతున్నది.

ఇక దీనిని ఫ్రోజెన్ మేతకు అలవాటు చేయాలనుకుంటున్నాను. ఆ పని చేసిన వారు ఏ మేతతో మొదలుపెట్టారో దయచేసి తెలియజేయగలరు.