ఫెచ్ అంటే తెచ్చుకోవడమా, తోడడమా?

ప్రశ్న: పెర్ల్ భాషలో డేటాబేసుతో మాట్లాడే మాడ్యూల్ అయిన డీబీఐ పాఠంలో ‘ఫెచ్‌రో’ను ‘వరుసను తెచ్చుకోవడం’ అని రాశాం. ‘రో’కి లెక్కల పుస్తకాల్లోని ‘అడ్డు వరుస’ ఉంది, పేచీ లేదు. ‘ఫెచ్’కి ఈ మాట సరిపోతుందా అండీ? ఉదాహరణలో ఇంకో చిక్కు కూడా వచ్చింది. పట్టికలో మామిడి, జామ, నేరేడు ఉన్నాయి. ఫెచ్‌రో_అర్రేరెఫ్‌తో లూపు తిప్పి, ప్రతిసారీ ‘పుష్ @అన్నీ, $వరుస’ అని వచ్చినదాన్ని @అన్నీలో చేర్చాం. చివర ప్రింట్ చేస్తే మూడుసార్లూ నేరేడే.

జవాబు: మీ మాటా, మీ బగ్గూ ఒకచోటే ఉన్నాయండీ. తెచ్చుకున్నది మనదైపోతుంది. ఇక్కడ చేతికొచ్చేది మనది కాదు. వేగం కోసం డీబీఐ ప్రతి వరుసకీ కొత్త అర్రే (విలువల జాబితా) కట్టదు. ఒకే అర్రేని మళ్ళీ మళ్ళీ నింపి, దాని రెఫరెన్సే, అంటే అదెక్కడుందో చెప్పే చిరునామానే ఇస్తుంది. అందుకే నేను ‘తోడడం’ అంటాను. బావికి చేద ఒకటే. పైకి లాగిన నీళ్ళు బిందెలో వంచుకోకుండా చేదను మళ్ళీ దించితే ఆ నీళ్ళు దక్కవు. మీ @అన్నీలో ఉన్నవి మూడు వరుసలు కావు, ఒకే చేదకు కట్టిన మూడు చేంతాళ్ళు.

‘పుష్ @అన్నీ, [ @$వరుస ]’ అని మార్చండి. చదరపు బ్రాకెట్లు కొత్త అర్రే కడతాయి, @$ పాతదాంట్లోని విలువల్ని అందులో పోస్తుంది. తొందరలో ‘[ $వరుస ]’ అని రాస్తే మళ్ళీ పాత రెఫరెన్సే లోపల పడుతుంది. నమ్మకం కుదరకపోతే లూపులో $వరుసనే ప్రింట్ చేసి చూడండి, మూడుసార్లూ ఒకే చిరునామా కనిపిస్తుంది.

మరొకరు: ఫెచ్ఆల్_అర్రేరెఫ్ వాడితే కాపీ పని అదే చేస్తుంది. కాకపోతే లక్షల వరుసలుంటే మెమరీ అంతా అదే తినేస్తుంది. ఫెచ్‌రో_హ్యాష్‌రెఫ్ ప్రస్తుతం ప్రతి వరుసకీ కొత్త హ్యాష్ (పేరు-విలువ జతల పట్టీ) ఇస్తుంది గానీ, దాన్ని నమ్ముకోవద్దని డీబీఐ డాక్యుమెంటేషనే చెబుతుంది.

ఇంకొకరు: ‘తోడడం’ బాగుంది. అదే పాఠంలో ‘నల్’కి ‘శూన్యం’ అని రాసి ఉంటే మాత్రం దయచేసి మార్చండి. మన ‘సున్న’ పుట్టింది ఆ ‘శూన్యం’ నుంచే. చదివేవాళ్ళు 0నీ నల్‌నీ కలిపేస్తారు. డేటాబేసులో 0 ఒక విలువ, నల్ అంటే విలువే లేకపోవడం. ‘ఖాళీ’ కూడా వద్దు, ఖాళీ స్ట్రింగు వేరే ఉంది. ‘విలువ లేదు’ అని విప్పి రాయడమే మేలు.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో చూడండి. నిల్వల పట్టికలో 5, 0, 8 ఉన్నాయనుకోండి. ‘వైల్ (మై $ఎంత = $ఎస్‌టీహెచ్->ఫెచ్‌రో_అర్రే)’ అని రాస్తే 5 దగ్గరే లూపు ఆగిపోతుంది. 0 వచ్చినా, నల్ వచ్చినా, వరుసలు అయిపోయినా ఆ షరతుకు అన్నీ ఒకటే. ఎర్రరు కూడా ఏదీ రాదు. చేద ఒట్టిగా వచ్చిందంటే బావి ఎండిందని కాదు కదా! ‘మై ($ఎంత)’ అని కుండలీకరణాలు పెడితే విలువను కాక, ఎన్ని విలువలు వచ్చాయన్నది చూస్తుంది. అప్పుడు 8 కూడా వస్తుంది.

ప్రశ్న అడిగినవారు: రెండూ మార్చి చూశామండీ, మామిడి, జామ, నేరేడు వరసగా వచ్చాయి. పాఠంలో ‘తోడడం’, ‘విలువ లేదు’ అని దిద్దుతున్నాం. ఫలితాల్లో ఏ వరుస దగ్గరున్నామో గుర్తుపెట్టుకునే ‘కర్సర్’కి ‘చేంతాడు’ అనవచ్చా?