మోటార్‌హోమ్ నడిపిన మిత్రుడు కూడా ఖర్చులో సమాన వాటా ఇవ్వాలా?

పానగల్లు వాసి:
నల్లగొండలో ఒకే కళాశాలలో చదువుకున్న ఐదుగురు మిత్రులము, దసరా తరువాత ఒక మోటార్‌హోమ్ (లోపలే వంట, పడక ఏర్పాట్లున్న బండి) అద్దెకు తీసుకొని కన్యాకుమారి వెళ్లి వచ్చాము. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా జడ్చర్ల చేరి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే కర్నూలు, అనంతపురం, బెంగళూరు, సేలం, మదురై దాటి కన్యాకుమారి దాకా అదే రోడ్డు. అద్దె, డీజిల్, టోల్, కిరాణా అన్నీ కలిపి ఐదు సమాన భాగాలు వేసుకున్నాము. అయితే బండిని మొదటి నుంచి చివరి దాకా ఒక్కడే నడిపాడు. తన వాటాలో డీజిల్ ఖర్చు మినహాయించాలని అతడు ఇప్పుడు అడుగుతున్నాడు. ఇద్దరు ససేమిరా అంటున్నారు. ఏది న్యాయమో పెద్దలు చెప్పగలరు.

మిల్లు రోడ్డు:
ఒప్పుకోని ఇద్దరిలో నేనొకడిని కనుక నా మాట కూడా వినాలి. బయలుదేరే ముందు కూర్చొని లెక్క రాసుకున్నప్పుడు ఈ మినహాయింపు ప్రస్తావనే లేదు. స్టీరింగు తానే పట్టుకుంటానని ముందుకు వచ్చింది అతడే. మా బావమరిది కుటుంబాన్ని నా కారులో శ్రీశైలం తీసుకుపోయినప్పుడు, మన్ననూరు గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది కాబట్టి, తెల్లవారే వరకు అక్కడే కారులో కూర్చొని, తరువాత ఘాట్ రోడ్డంతా నేనే నడిపాను. పెట్రోలుకు ఒక్క రూపాయి ఎవరినీ అడగలేదు, ఎవరూ ఇవ్వనూ లేదు. ఆ రోజు నాకు దక్కని మినహాయింపు ఇతనికి ఎందుకు దక్కాలి?

పాలమూరు బాటసారి:
మిల్లు రోడ్డు అన్నా, మీ కారుకూ ఆ బండికీ పోలిక లేదు. నేను ఏళ్ల తరబడి సరుకు బండ్లు నడిపినవాడిని. మోటార్‌హోమ్‌లో మంచినీళ్ల ట్యాంకు, వాడిన నీళ్ల ట్యాంకు, ఫ్రిజ్, బ్యాటరీలు అన్నీ వెంట వస్తాయి. వంద లీటర్ల నీళ్లంటేనే వంద కిలోల బరువు. ట్యాంకు సగమే నిండి ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా ఆ నీళ్లు ముందుకు తోసుకువస్తాయి. ఎత్తైన బండి కాబట్టి అడ్డగాలికి పక్కకు లాగుతుంది, చెట్టు కొమ్మ నుంచి రైలు వంతెన దాకా ప్రతిదాని కిందా తల ఎత్తి చూసుకొని పోవాలి. జీతానికి నడిపేవాళ్ల కోసం 1961లో తెచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకు 8 గంటల పని అనీ, 5 గంటలు దాటకముందే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలనీ నిర్ణయించింది. స్నేహితుడికి ఆ పాటి దయ కూడా ఉండదా? ముందుకు వచ్చాడు, నిజమే. ఆ తరువాత మీలో ఎవరైనా అతన్ని లేపి ఒక గంట నడిపారా?

జడ్చర్ల జంక్షన్:
ముందు అతనికి ఏ లైసెన్సు ఉందో చెప్పండి. అది తేలకుండా వాటా గురించి మాట్లాడడం అనవసరం.

పానగల్లు వాసి:
మామూలు కారు లైసెన్సే. బండి మొత్తం బరువు 7,500 కిలోల లోపే.

జడ్చర్ల జంక్షన్:
అద్దె బండికి ఆ లైసెన్సు చాలదు. ప్రమాదం జరిగితే బీమా రాదు.

పాలమూరు బాటసారి:
చాలుతుంది. బీమా కంపెనీలు లేవనెత్తిన ఆ అభ్యంతరం మీదనే 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని తేలికపాటి వాహనాల లైసెన్సుతోనే నడపవచ్చు.

సాగర్ గట్టు:
ఇంతమంది డీజిల్ గురించి రాశారు గానీ, అన్నం ఎవరు వండారో, గిన్నెలు ఎవరు తోమారో, బండిలోని మరుగుదొడ్డి మురికి నిలిచే పెట్టెను ఎవరు తీసుకుపోయి ఖాళీ చేశారో ఒక్కరూ అడగలేదు. మేము కుటుంబంతో అలాంటి బండిలో వెళ్లినప్పుడు ఆ పెట్టె పని, వంట పని రెండూ నా మీదనే పడ్డాయి. కదిలే బండిలో పొయ్యి వెలిగించకూడదు కాబట్టి, అందరూ దిగి ఊరు చూస్తుంటే నేను లోపల కూర కలుపుతూ ఉన్నాను. చివరికి పొయ్యి అవసరం లేని పచ్చిపులుసే రోజూ చేశాను. నాకు ఎవరు మినహాయింపు ఇచ్చారు?

పానగల్లు వాసి:
అక్కా, వంట నేను చేశాను. పెట్టె కూడా అతడే ఖాళీ చేశాడు.

మిల్లు రోడ్డు:
చేశాడు, ఎవరూ కాదనలేదు. ప్రతి పనికీ వెల కట్టే మనిషి స్నేహితులతో రాకూడదు, డబ్బు తీసుకొని వచ్చే మనిషిని మేమే పెట్టుకునేవాళ్లం.

పాలమూరు బాటసారి:
ఈ ఒక్క మాటతో మీరు అతన్ని ఏమని అనుకుంటున్నారో తెలిసిపోయింది.

పానగల్లు వాసి:
చెప్పకూడదనుకున్నాను, ఇప్పుడు చెప్పక తప్పడం లేదు. బయటి కరెంటు లేనిదే రాత్రంతా ఏసీ నడవదు కాబట్టి, మదురైలో ఉక్క భరించలేక గదులు తీసుకున్నాము. మిల్లు రోడ్డు, అక్కడ మీరు అతన్ని చూపించి "ఇతను మా డ్రైవర్" అని రాయించారు. అతడు కింద డ్రైవర్ల హాలులో పడుకున్నాడు. డీజిల్ మినహాయింపు మాట మరునాటి నుంచే మొదలైంది.

మిల్లు రోడ్డు:
డ్రైవర్లకు పడక ఉచితమని వాళ్లే చెప్పారు కాబట్టి అలా రాయించాను. అలా ఆదా అయిన గది అద్దెను ఐదు భాగాలు చేసి అతనికీ పంచాను. అది అవమానం ఎలా అవుతుంది? అప్పుడే చెప్పి ఉంటే ఇంకో గది తీసుకునేవాళ్లం.

సాగర్ గట్టు:
నలుగురి ముందు ఆ పేరు పెట్టిన తరువాత అతడు ఏమని చెప్పగలడు? తమ్ముడూ, ఆ హాలులో మీరు పడుకొని అతనికి గది ఇచ్చి ఉంటే కూడా అంతే డబ్బు మిగిలేది.

పాలమూరు బాటసారి:
డ్రైవర్ అనిపించుకోవడం తక్కువతనం కాదు, నేను ఆ పనితోనే ఇల్లు నిలబెట్టుకున్నాను. కానీ లాడ్జి పుస్తకంలో డ్రైవర్‌గానూ, ఖర్చుల పుస్తకంలో స్నేహితుడిగానూ ఒకే మనిషిని రాయడం అన్యాయం. అతన్ని డ్రైవర్‌గా రాయించిన మీరే డీజిల్ వాటా కూడా పెట్టుకోండి.

మిల్లు రోడ్డు:
డీజిల్ వాటా ఇవ్వను. లెక్క లెక్కే. ఆ రాత్రి సంగతి అతనితో నేనే మాట్లాడతాను, ఇక్కడ కాదు.

జడ్చర్ల జంక్షన్:
మీ ఐదుగురిలో ఇంకెవరికి లైసెన్సు ఉంది?

పానగల్లు వాసి:
నాకూ, మిల్లు రోడ్డుకూ ఉంది.