రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకు చిన్న ట్రైలర్ తగిలించొచ్చా?

ప్రశ్న (తిరుపతి): కారు రెండు సీట్లది, వెనక చక్రాల డ్రైవ్, 2 లీటర్ల టర్బో, ఆటోమేటిక్. ట్రాక్ టైర్లు నాలుగు (రిమ్ములతో), ఫ్లోర్ జాక్, టూల్ పెట్టె ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ దాకా తీసుకుపోవాలి. డిక్కీలో ఒక్క టైరు కూడా పట్టదు. రెండు చక్రాల ట్రైలర్ చేయిస్తే ఇంజను లాగుతుందా? పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా పోతాను.

జవాబు (రేణిగుంట): ఇంజను గురించి బెంగ పెట్టుకోకండి. రిమ్ముతో టైరు 20 కిలోలు అనుకుంటే నాలుగూ 80. జాక్, పెట్టె కలిపి 35. ఖాళీ ట్రైలర్‌ను 140 దాటనివ్వకపోతే మొత్తం 255 కిలోలు. నలుగురు మనుషుల బరువు కూడా లేదు.

చిక్కంతా బంపర్ వెనక ఉంది. ఇలాంటి కార్లలో చాలావాటికి కంపెనీ లాగే బరువంటూ ఇవ్వదు. ముందు ఓనర్ మాన్యువల్ తీయండి. ట్రైలర్ లాగకూడదని రాసి ఉంటే ఆ కారుతో ఈ ఆలోచన వదిలేయడమే మేలు. బంపర్‌లో మూత తీసి తిప్పి బిగించే కొక్కెం ఉంటుంది చూడండి, అది ఆగిపోయిన బండిని లాగడానికి. మధ్యలో కాకుండా ఒక పక్కకు ఉంటుంది, ట్రైలర్‌కు పనికిరాదు.

మాన్యువల్ ఒప్పుకుంటే ఆ మోడల్‌కని తయారైన టోబారే (ట్రైలర్ తగిలించడానికి కారు వెనక బిగించే ఇనప కడ్డీ) తెప్పించుకోండి. అది రెండు వైపులా చాసిస్ రైళ్లకు (కారు అడుగున పొడవునా ఉండే ఉక్కు దూలాలకు) బిగుసుకోవాలి, బంపర్ బీమ్‌కు మాత్రమే కాదు. 10.9 గ్రేడ్ బోల్టులు వాడాలి. ఆ దూలం డొల్లగా ఉంటుంది కాబట్టి లోపల స్లీవ్ (బోల్టు చుట్టూ ఉండే గొట్టం ముక్క) పెట్టకుండా బిగిస్తే రేకు నొక్కుకుపోయి, కొన్నాళ్లకు బోల్టు వదులవుతుంది. వెల్డింగ్ మాత్రం వద్దు. ఈ కార్లలో వాడే గట్టి ఉక్కు వేడి తగిలిన చోట బలం కోల్పోతుంది.

జవాబు (చిత్తూరు): టోబార్ మీద ఉండే ఇనప గుండు, అదే బాల్, సైజు చూసి కొనండన్నా. దాని మీద కూర్చునే ట్రైలర్ గిన్నె, అంటే కప్లర్, 50 మి.మీ.దైతే బాల్ కూడా 50 ఉండాలి. పాత అమెరికా కొలత 1-7/8 అంగుళాల బాల్ 47.6 మి.మీ. ఉంటుంది. కంటికి తేడా కనిపించదు, లాక్ కూడా పడినట్టే ఉంటుంది, గుంతలో పడ్డప్పుడు కప్లర్ ఎగిరి బయటికొస్తుంది. రెండు సేఫ్టీ చైన్లు కప్లర్ కింద అడ్డంగా, గుణకారం గుర్తులా వేయండి. కప్లర్ ఊడినా ట్రైలర్ ముందు దూలం రోడ్డును పొడవకుండా ఆ చైన్ల మీద ఆగుతుంది.

ఇక బాల్ మీద పడే బరువు. ఈ ట్రైలర్‌కు 20–25 కిలోలు ఉంచండి, అదీ టోబార్ మీద రాసిన పరిమితి లోపల. బాత్రూమ్ తూకం మీద బాల్ ఎత్తుకు సరిపడా కట్టె నిలబెట్టి, దాని మీద కప్లర్ ఆనించి చూస్తే అంకె తెలిసిపోతుంది. బరువు ఇరుసు వెనక్కి పోతే కప్లర్ పైకి లేస్తుంది, కారు వెనక టైర్ల పట్టు తగ్గుతుంది, స్పీడు పెరిగితే ట్రైలర్ తోక ఆడించడం మొదలెడుతుంది. బాల్ నుంచి ఇరుసుకు 2.2 మీటర్లు ఉంటే, 35 కిలోల సామాను 30 సెం.మీ. ముందుకు జరిపితే బాల్ మీద సుమారు 5 కిలోలు పెరుగుతుంది. జాక్ ఇరుసు ముందు పెట్టి, దాన్ని జరుపుతూ సరిచేసుకోండి.

ఊగితే బ్రేకు తొక్కొద్దు. యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగు నేరుగా పట్టుకోండి. ఎదురు తిప్పితే ఊగడం ఇంకా ఎక్కువవుతుంది.

ప్రశ్న (తిరుపతి): ఆటో చక్రాలతో చేస్తే చవకని ఫ్యాబ్రికేటర్ అంటున్నాడు. సరిపోతాయా?

జవాబు (రేణిగుంట): వద్దండీ. 4.00-8 ఆటో టైరు గంటకు 80లో నిమిషానికి వెయ్యి పైచిలుకు చుట్లు తిరుగుతుంది. మారుతి 800 సైజు 145/70 ఆర్12 అయితే 835 దగ్గర ఉంటుంది. మే నెల ఎండలో తారు కాలుతున్నప్పుడు బేరింగు గ్రీజుకు ఆ తేడా తెలుస్తుంది. బయల్దేరిన 20 కి.మీ.కు ఆగి హబ్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే సరే, చెయ్యి ఆనకపోతే బేరింగు మరీ బిగువుగా ఉన్నట్టు, లేదా గ్రీజు లేనట్టు.

ఓమ్నీ వెనక కమాన్ కట్టలు దొరికినవి దొరికినట్టు వేయకండి. అవి వ్యాన్ బరువుకు చేసినవి, మీ 255 కిలోలకు వంగనే వంగవు, ట్రైలర్ గెంతుతుంది. టైర్లలో 35 పీఎస్ఐ కొట్టినా అదే గతి. 22 చాలు. కారు వెనక టైర్లకు మాత్రం తలుపు అంచున రాసిన ఫుల్ లోడ్ అంకె.

స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఇంకో ఇబ్బంది. కారు అడుగుభాగం తగలకుండా దాన్ని ఏటవాలుగా ఎక్కించే అలవాటు ఉంటుంది కదా, ట్రైలర్ ఉన్నప్పుడు అలా చేస్తే కప్లర్ మెలి తిరుగుతుంది. నేరుగా, నడక వేగంతో ఎక్కించండి. జాకీ చక్రం (విప్పినప్పుడు ట్రైలర్ ముందు భాగాన్ని నిలబెట్టే చిన్న చక్రం) పైకి లాగి బిగించారో లేదో చూసుకోండి, ముందు గీసుకునేది అదే.

జవాబు (పలమనేరు): కాగితాలు మరిచారు. 1988 మోటారు వాహనాల చట్టం 61వ సెక్షన్ ప్రకారం ట్రైలర్‌కూ రిజిస్ట్రేషన్ నిబంధనలు వర్తిస్తాయి. చేయించకముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి, చేయించాక అడిగితే తిప్పలు. టోబార్ సంగతి ఇన్సూరెన్సు వాళ్లకు రాతపూర్వకంగా తెలపండి. ఏడాదికి రెండే ట్రాక్ రోజులైతే, నగరి దాటాక తమిళనాడులో కుట్టి యానై అంటారే, ఆ టాటా ఏస్ బాడుగకు మాట్లాడుకోవడమే నయం.

ప్రశ్న (తిరుపతి): లైట్ల వైరు కారు టెయిల్ లైటుకు కలిపేయొచ్చా?

జవాబు (చిత్తూరు): కలపకూడదు. ఈ కార్లలో లైట్లను కంప్యూటర్ నడుపుతుంది. నేరుగా కలిపితే బల్బు పోయిందని హెచ్చరిక వస్తుంది, ట్రైలర్ ఎల్ఈడీలు మిణుకుతాయి, ఖర్మ కాలితే మాడ్యూలే పోతుంది. బైపాస్ రిలే మాడ్యూల్ (కారు లైట్ల నుంచి సిగ్నల్ మాత్రమే తీసుకునే పెట్టె) పెట్టి, బ్యాటరీ నుంచి 15 ఆంప్స్ ఫ్యూజుతో కరెంటు ఇవ్వండి. సైలెన్సర్ పైపుకు వైరు ఆనకూడదు.

ఎర్త్ వైరు 2.5 చ.మి.మీ.ది విడిగా లాగండి, కప్లర్ ఇనుమును నమ్ముకోవద్దు. బ్రేకు తొక్కితే ఇండికేటర్ కూడా మసగ్గా వెలిగిందంటే బల్బులు మార్చుకుంటూ కూర్చోకండి, ఎర్త్ వదిలినట్టే.