చెరువు మట్టి ప్రాజెక్టు తలకిందులైంది, ఏం చేయాలి?

పర్వతగిరి అమ్మ:
మా పాప ఎనిమిదో తరగతి. "చెరువు మట్టి కలిపితే ఎర్ర చెల్క (ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేల) నీళ్లు ఎక్కువ పట్టుకుంటుంది" అని ముందే రాసుకుంది. బాటిళ్లు సగానికి కోసి, మూతలకు రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లో ఉత్త చెల్క, ఇంకోదాంట్లో సగం చెరువు మట్టి కలిపి నింపింది. 200 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే కలిపినదాంట్లోంచే ఎక్కువ కారిపోయాయి! పొద్దుటి నుంచి ఒకటే ఏడుపు. వాళ్ల నాన్నేమో "అంకెలు మార్చి రాసేయ్, ఎవరు చూస్తారు" అంటున్నారు.

హన్మకొండ సైన్స్ సార్:
మార్చొద్దమ్మా. బాలల సైన్స్ కాంగ్రెస్‌కి జడ్జిగా వెళ్తుంటాను. మూడుసార్లూ 120, 120, 120 అని ఉందంటే అది కొలిచింది కాదని అక్కడే తెలిసిపోతుంది. ఒక్కో రకానికి ఒక్క బాటిలేనా? మట్టి తూకం వేసిందా?

పర్వతగిరి అమ్మ:
ఒక్కొక్కటే సార్. తూకం లేదు. చెరువు మట్టి గడ్డలుగానే పోసింది.

చెల్క రైతు కొడుకు:
అక్కా, దొంగ దొరికింది! 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలయ్యాక మేమూ చెరువు మట్టి తోలుకున్నాం. రెండు వానలకు గడ్డలు చిట్లేదాకా మా నాయిన నాగలి కట్టేవాడు కాదు. గడ్డల సందుల్లోంచి నీళ్లు జారిపోతాయి, లోపలికి ఇంకే టైమే ఉండదు. మీ పాప చూసింది తప్పేం కాదు.

కాజీపేట బీటెక్:
జల్లెడ పట్టి మళ్లీ చేయించండి. అన్నీ బాగా ఎండబెట్టి, 300 గ్రాముల చొప్పున, ఒకే తీరుగా నీళ్లు పోయాలి. నేను ఇంటర్‌లో మొలకల ప్రాజెక్టు చేస్తే ఎరువు వేసిన కుండీలే ఏపుగా పెరిగాయి. అవన్నీ కిటికీ పక్కన ఉన్నాయి మరి! "కుండీలు అటూ ఇటూ మార్చి చూశావా" అని సార్ అడిగితే నోట మాట రాలేదు.

పర్వతగిరి అమ్మ:
మూడు రకాలు, రకానికి మూడు, మొత్తం తొమ్మిది బాటిళ్లు. గంటలో కారినవి: ఉత్త చెల్క 96, 104, 99. గడ్డలతో 131, 112, 140. జల్లెడ పట్టినదాంట్లో 58, 63, 61. ఇప్పుడు ఎగిరి గంతేస్తోంది.

హన్మకొండ సైన్స్ సార్:
బాగుంది. జల్లెడ పట్టిన మట్టి మీద ఇంకా నీళ్లు నిలిచి ఉన్నాయా?

పర్వతగిరి అమ్మ:
అవును సార్, వేలు మందాన.

హన్మకొండ సైన్స్ సార్:
అయితే అది పట్టుకున్నట్టు కాదు, ఇంకా కారుతున్నట్టు. ఆవిరైపోకుండా పైన కవరు కట్టి, రాత్రంతా వదిలేసి పొద్దున తూకం వేయమనండి. మొదటి రోజు లెక్క కూడా చార్టులో ఉండాలి, గడ్డల సంగతి బయటపడింది దాంతోనే.

పర్వతగిరి అమ్మ:
కవర్లు కట్టేసింది. తూకం మిషను దాని మంచం పక్కనే పెట్టుకుని పడుకుంది, రేపు నేను పిండి కొలవాలన్నా అడగాలట.