తాతయ్య పెట్టెలో చెక్కడపు పని ఉన్న చిన్న రివాల్వర్ దొరికింది, ముద్రలు తెలిసినవారు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. గత నెల అటక మీంచి తాతయ్య ట్రంకు పెట్టె దింపితే, పాత పంచెల మడతల్లో అరచేతిలో ఇమిడే రివాల్వర్ కనిపించింది. ఐదు గుళ్ళది. ఇనుము నిండా సన్నని తీగలు, ఆకులు చెక్కి ఉన్నాయి. బొబ్బిలి వీణల మీద పనితనం చూస్తూ పెరిగినదాన్ని, అయినా చూపు తిప్పుకోలేకపోయాను.

సిలిండర్ మీద కోలగా ఒక ముద్ర: ఈ.ఎల్.జి. అక్షరాలు, కింద నక్షత్రం, పైన కిరీటం. అది బెల్జియంలోని లీజ్ నగరంలో తుపాకీ పేలుడు తట్టుకుంటుందో లేదో పరీక్షించి వేసే ముద్ర అనీ, కిరీటం 1893 నుంచి చేర్చారనీ చదివాను. ఆకారం మాత్రం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ వెబ్లీ కంపెనీ వాళ్ళ బుల్‌డాగ్ అనే చిన్న రివాల్వర్ లాగే ఉంది. అంటే ఇది బెల్జియం నకలా? తయారుచేసినవాళ్ళ గుర్తు ఎక్కడ వెతకాలి?

తుప్పుకి అన్నీ బిగుసుకుపోయాయి. అమ్మ చింతపండుతో తోముదామంటే నేనే ఆపాను. చెక్కడం చెడకుండా ఏం చేయాలి?

స్టేషన్‌లో చెప్పాం, కానీ టెన్షన్‌గానే ఉంది. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో, బాగుచేసినా పేలని పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఉంది. ఆ నిర్ధారణ కాగితం ఎలా తెచ్చుకోవాలి? తెచ్చుకున్నవారుంటే దయచేసి చెప్పండి. అమ్మే ఉద్దేశం లేదు, తాతయ్య వస్తువు మా ఇంట్లోనే ఉండాలి.