‘నిమ్మళం’ అనే మాట గురించి, ఒక పాట పల్లవి దగ్గర ఆగిపోయి

నిన్న ఒక తమ్ముడు అడిగాడు, “ఇట్ ఈజ్ వెల్ విత్ మై సోల్” అనే ఇంగ్లీషు చర్చి పాట పల్లవిని మన తెలుగులో ఎలా చెప్తాం అక్కా, “అంతా బాగుంది” అంటే సరిపోతుందా అని. రెండు ముక్కల్లో జవాబు రాసి పడుకుందామనుకున్నాను, రాత్రి పదకొండు దాటినా ఆ ఒక్క మాట దగ్గరే ఉండిపోయాను. అందుకే విడిగా పోస్టు పెడుతున్నాను. పుస్తకాల్లో ఉన్న అనువాదాల జోలికి పోవట్లేదు, మన నోట్లో ఉన్న మాటల గురించే.

“అంతా బాగుంది” సరిపోదు తమ్మీ. ఎందుకంటే ఆ పాట రాసిన మనిషికి ఏదీ బాగాలేదు. హొరేషియో స్పాఫర్డ్ షికాగోలో లాయరు. 1871లో ఆ ఊరు తగలబడ్డప్పుడు ఆస్తి చాలా పోయింది. 1873 నవంబర్ 22న ఆయన భార్య, నలుగురు ఆడపిల్లలు ఎక్కిన ‘విల్ దు ఆవ్ర్’ అనే ఓడ అట్లాంటిక్ మధ్యలో ఇంకో ఓడకు గుద్దుకుని కొన్ని నిమిషాల్లోనే మునిగిపోయింది. 226 మంది చనిపోయారు, నలుగురు పిల్లలూ అందులోనే. ఒడ్డు చేరిన తల్లి భర్తకు పంపిన టెలిగ్రాం రెండే మాటలతో మొదలైంది, “సేవ్డ్ అలోన్.” మన దిక్కు అయితే “నేనొక్కదాన్నే బతికిన” అనేది ఆ తల్లి. అందులో ‘ఒక్కదాన్నే’ అనే మాట ఎంత బరువో చూడండి. భార్య దగ్గరికి పోతూ, ఓడ మునిగిన చోటు మీదుగా సాగినప్పుడు ఆయన ఈ పాట రాశాడని చెప్పుకుంటారు. 1876లో ఫిలిప్ బ్లిస్ దీనికి రాగం కట్టి, ఆ రాగానికి మునిగిన ఓడ పేరే పెట్టాడు. ఇన్నేళ్ళుగా జనం ఆ ఓడ పేరున్న రాగంలోనే “బాగుంది” అని పాడుతున్నారు.

మరి ఏది బాగుంది?

బైబిల్లో ఇదే మాట అన్న ఒక తల్లి ఉంది, షూనేము ఊరామె. కొడుకు తల్లి ఒళ్ళోనే చనిపోయాడు. ఆమె ప్రవక్త దగ్గరికి పరుగున పోతుంటే ఆయన పనివాడు ఎదురొచ్చి, నువ్వు, నీ పెనిమిటి, నీ బిడ్డ సుఖంగా ఉన్నారా అని అడుగుతాడు. ఆమె “సుఖముగా ఉన్నాము” అంటుంది (2 రాజులు 4:26). ఆ ‘సుఖము’కు హీబ్రూలో ఉన్న మాట షాలోమ్. యెషయా 48:18లో “నీ క్షేమము నదివలెను” అన్న చోట కూడా షాలోమే, 66:12లో “నదివలె సమాధానమును” అన్న చోట కూడా అదే. పాట మొదటి చరణంలో శాంతి నదిలా, బాధలు సముద్రపు అలల్లా అని వస్తుంది కదా, ఆ నది ఇక్కడిదే అని నా నమ్మకం. ఒకే హీబ్రూ మాటకు మనవాళ్ళు సుఖం, క్షేమం, సమాధానం అని చోటును బట్టి వేరువేరు మాటలు వాడారు. తప్పేం లేదు. కానీ చర్చి బయట ‘సమాధానం’ అంటే జవాబు, ‘సుఖం’ అంటే ఏసీ గది, ‘క్షేమం’ అంటే పాతకాలపు ఉత్తరంలో మొదటి లైను. ఆ తల్లి నోట్లో ఉన్నది ఈ మూడింటిలో ఏదీ పూర్తిగా మోయట్లేదు.

‘సోల్’ సంగతి మాత్రం నాకు తేలిగ్గా తేలింది. ఆత్మ కాదు, ప్రాణం. కీర్తనల్లో “నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు” అనే కదా. మన దగ్గర అదే పానం. పానం మంచిగుందా, పానం బాగలేదు అని రోజూ అంటాం, అనేది ఒంటి గురించే కావచ్చు కానీ ఒంటినీ మనసునూ ఆ ఒక్క మాటలోనే కలిపేస్తాం.

ఇక ‘వెల్’. దీనికి నాకు దొరికిన మాట ‘నిమ్మళం’. ఇది నాకు నిఘంటువులో దొరకలేదు, మా నాయనమ్మ దగ్గర దొరికింది. మహబూబాబాద్ దిక్కు పల్లె మాది. తాత పోయిన మూడో ఆదివారం నాయనమ్మ ఎప్పటిలాగే చర్చికి వచ్చి చాప మీద ముందు వరసలో కూర్చుంది. ఆరాధన అయ్యాక పాస్టరమ్మ చేయి పట్టుకుని ఎట్లున్నవ్ అవ్వా అంటే, “ఏడుపైతే వస్తనే ఉన్నది బిడ్డా, పానం మాత్రం నిమ్మళంగనే ఉన్నది” అంది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను, ఆ రెండూ ఒక మనిషిలో ఒకేసారి ఎలా ఉంటాయో నాకు అర్థం కాలేదు. ఏడుపు పోయాక నిమ్మళం వస్తుంది అనుకునేదాన్ని. ఆమె ఏడుపు పక్కనే దాన్ని పెట్టింది. మనం సాక్ష్యం చెప్పేటప్పుడు “సంతోషంగా ఉన్నాను, దేవునికి స్తోత్రం” అని ఏడుపును దాచేస్తాం కదా, ఆమె దాచలేదు, అయినా ఆమెది సంతోషం కాదని నేను అనలేను.

జవాబు, కరీంనగర్ అన్న:
అక్కా, మా దగ్గర నిమ్మళం అంటే రోగం తగ్గడం. “జరం నిమ్మళించింది” అంటాం. మెల్లగా అనే అర్థంలో కూడా, “నిమ్మళంగ పో” అని. పాటలో పెడితే జ్వరం తగ్గినట్టు ఉండదా?

నా జవాబు:
అన్నా, ఆ అర్థం ఉండడమే నాకు కావాల్సింది. నిమ్మళం ‘నిర్మలం’ నుంచి వచ్చిన మాట. మీరు చిన్నప్పుడు వాగులో చెలిమె తోడారా? ఇసుక తీయగానే మొదట వచ్చేవి బురద నీళ్ళే. చేయి పెట్టకుండా కాసేపు ఊరుకుంటే ఒండు కిందికి దిగి నీళ్ళు తేటపడతాయి. ఒండు ఎక్కడికీ పోదు, అడుగునే ఉంటుంది. జ్వరం నిమ్మళించిన మనిషి కూడా అంతే, లేచి పరుగెత్తడు, నీరసం ఉంటుంది, కానీ లోపల మంట దిగింది. స్పాఫర్డ్ పిల్లలు తిరిగి రాలేదు, ఆ బాధ అడుగున ఉండే ఉంటుంది. “బాగుంది” అనే మాటలో ఆ ఒండుకు చోటు లేదు.

ఇంకొకటి, పాటలో “వాటెవర్ మై లాట్, దౌ హాస్ట్ టాట్ మీ టు సే” అని ఉంది, నా లాట్ ఏదైనా ఇలా అనమని నువ్వు నాకు నేర్పావు అని దేవునితో అనడం. లాట్ అంటే నా వంతుకు పడింది. దీనికి మనకు మంచి మాట ఉంది, ‘పాలు’. భూమి పాలు పంచుకున్నారు అంటాం, ఒక ఇంటిపేరు దాయాదులను పాలోళ్ళు అంటాం. కీర్తన 16లో “మనోహర స్థలములలో నాకు పాలు ప్రాప్తించెను” అని ఉంది కూడా. “నా పాలిట ఏది పడ్డా” అంటే ఆ లైను అచ్చంగా వచ్చేస్తుంది. దాని తర్వాతి మాట, ‘నేర్పావు’, నాకు ఇంకా ముఖ్యం. బైబిల్లో అపొస్తలుడు పౌలు చెరసాలలో ఉండి ఫిలిప్పీ ఊరి సంఘం వాళ్ళకు రాస్తూ, ఏ స్థితిలో ఉన్నా సంతృప్తి కలిగి ఉండడం “నేర్చుకొనియున్నాను” అంటాడు. పుట్టుకతో వచ్చిన స్వభావం అనలేదు, నేర్చుకున్నాను అన్నాడు. నాకు ఇది ఎంత ఊరటో చెప్పలేను, ఎందుకంటే నాది ఊరికే టెన్షన్ పడే మనస్తత్వం, నాలాంటి వాళ్ళకు తృప్తి రాదేమో అని చాలాకాలం భయపడ్డాను. నేర్చుకునేదైతే నేనింకా నేర్చుకుంటూనే ఉన్నాను, బడి మానలేదు.

జవాబు, హన్మకొండ తమ్ముడు (మొదట అడిగింది ఇతనే):
అక్కా అర్థం ఒప్పుకుంటా, కానీ నేను క్వైర్‌లో పాడేవాణ్ణి. “ఇట్ ఈజ్ వెల్” మూడు స్వరాలు. నిమ్-మ-ళం కూడా మూడే, కుదిరింది. అయితే చివరి స్వరం బాగా సాగాలి, ‘ళం’ దగ్గర సున్నాకు నోరు మూసుకుపోతుంది. ఎట్లా సాగదీస్తాం?

నా జవాబు:
నిజమే తమ్మీ, నేను వంటింట్లో పాడి చూసుకున్నప్పుడు నాకూ అక్కడే ఆగింది. “నిమ్మళమే” అంటే చివర ‘ఏ’ వచ్చి నోరు తెరుచుకుంటుంది, ఒక అక్షరం ఎక్కువైనా ‘ళ’ను పొట్టిగా అనేస్తే సర్దుకోవచ్చు. “నిమ్మళమే, నా పానం.” ప్రాణం అనాలా పానం అనాలా అన్నది మీరు పాడేవాళ్ళు తేల్చండి, నాకైతే పానమే చెవికి దగ్గరగా ఉంది. శనివారం ప్రాక్టీస్‌లో ఒకసారి ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక అందుకుని పాడి, రికార్డు చేసి నాకు పంపు. నాయనమ్మకు ఇప్పుడు చెవులు సరిగా వినపడవు, ఫోన్ దగ్గరగా పెట్టి వినిపిస్తాను.